కుండలో జొన్న... జాడీలో చింత!

సంత మళ్లీ వారానికి గానీ లేదు. పెరట్లో బీరతీగ ఎండిపోయింది. సరిగ్గా పొద్దుగూకే వేళకు గుమ్మంలో ఇద్దరు చుట్టాలు! పట్నంలో అయితే ఎవరో ఒకరు సెల్‌ఫోను తీస్తారు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మాత్రం జాడీ మూత తీస్తారు. నిమ్మకాయంత చింతపండు నీళ్లలో పడుతుంది. రెండు ఉల్లిగడ్డలు తరుగుతారు. నాలుగు ఎండుమిర్చి నిప్పుల మీద కాలుతాయి. చుట్టాలు కాళ్లు కడుక్కుని వచ్చి కూచునేలోగా పచ్చిపులుసు తయారు. దాన్ని కాచే పనే లేదు. పక్కన జొన్నరొట్టె, రోట్లో దంచిన ఎల్లిపాయ కారం... అంతే భోజనం.

కూరగాయలే లేని రోజున కూడా ఇంటిల్లిపాదికీ కడుపునిండా పెట్టగలగడం ఇక్కడి ఆడవాళ్లకు ఎవరో నేర్పిన విద్య కాదు. ఆ నేల నేర్పింది. గుమ్మిలో జొన్నలు, కుండల్లో కందులు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు. డబ్బాల్లో పల్లీలు, నువ్వులు. జాడీల్లో చింతపండు, తొక్కు. ఉట్టిమీద ఎల్లిగడ్డల కట్ట. ఈ పదీ ఉంటే ఏడాది గడిచినట్టే.

వాన నమ్మలేని చోట...

మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. నల్లగొండలో కొంచెం ఎక్కువ. అదీ సమయానికి పడితే! నేలలు చాలాచోట్ల ఎర్ర చల్కలు, దుబ్బలు. నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచవు. అలాంటి భూమిలో ఒకే పంటను నమ్ముకోవడమంటే జూదమే. అందుకే జొన్న సాళ్ల మధ్య కంది వేసేవారు, వాటి నడుమ పెసరో బొబ్బరో చల్లేవారు. పెసర రెండు రెండున్నర నెలలకే చేతికొస్తుంది. జొన్న నాలుగు నెలలకు. కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. ఒకటి పోయినా ఇంకొకటి దక్కుతుంది. చేనును చూసి వంటిల్లు అలవాటు పడిందో, వంటింటిని చూసి చేను వేశారో చెప్పడం కష్టం!

ఇక్కడో ముచ్చట. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట ప్రాంతాల పంటల కోసం పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ అది. ప్రపంచమంతా వెతికి అది భుజాన వేసుకున్న ముఖ్యమైన పంటలు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. పాలమూరు అవ్వ వంటింట్లో కుండలు లెక్కపెట్టినా ఇంచుమించు ఇవే వస్తాయి.

పండించడం ఒక ఎత్తు, పురుగు పట్టకుండా ఏడాది దాచడం ఒక ఎత్తు. జొన్నలకు నల్లరేగడి ఊళ్లలో పాతర తవ్వేవారు. మూత తీశాక చాలాసేపు గాలి ఆడనిచ్చిగానీ లోపలికి దిగేవారు కాదు. లోపల చెడుగాలి ఉంటుందని వాళ్లకు తెలుసు. చిన్న ఇళ్లలో పేడతో అలికిన వెదురు గుమ్మి ఉండేది. గింజల మధ్య ఎండిన వేపాకు పొరలు, పప్పుధాన్యాలకైతే బూడిద. కందులకు ఎర్రమట్టి నీళ్లు పట్టించి ఎండబెట్టి ఇసురురాతిలో విసిరితే పొట్టు సులువుగా ఊడి, పప్పు బద్దలు బద్దలుగా వచ్చేది. చింతపండు మాఘ ఫాల్గుణాల్లో వస్తుంది. గింజ తీసి, ఈనెలు లాగి, కల్లుప్పు చల్లి జాడీలో కూరితే మళ్లీ ఏడాది దాకా చూడక్కర్లేదు. ఎండాకాలంలో ఇంటి కప్పుల మీద ఒరుగులు... టమాట, గోరుచిక్కుడు, కాకర, మామిడి. కూరగాయలు దొరకని రోజుల కోసం ఎండను కూడా దాచుకున్నారన్నమాట.

రొట్టె పోయి అన్నం వచ్చె...

మరి ఈ కుండలన్నీ ఏమయ్యాయి? ఒక్కరోజులో పోలేదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పచ్చబడింది. మిర్యాలగూడలో రైస్‌మిల్లులు వరసకట్టాయి. అదే జిల్లాలో దేవరకొండ, మునుగోడు మాత్రం మెట్టగానే మిగిలిపోయాయి. అక్కడికి వరి పొలాల కంటే ముందు బియ్యమే వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. పండగకో, చుట్టాలొస్తేనో వండుకునే వరన్నం పేదింటికీ రోజువారీ భోజనమైంది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఆకలితో పడుకున్న ఇళ్లకు ఆ బియ్యం విలువేమిటో తెలుసు. 2025 ఉగాదినాడు రేషన్‌లో సన్నబియ్యం పథకాన్ని హుజూర్‌నగర్‌లోనే ప్రారంభించారు. మనిషికి నెలకు ఆరు కిలోలు.

బియ్యం ఇంటికొచ్చాక జొన్న చేనుకు పనేముంది? ఆ చోటును పత్తి ఆక్రమించింది. పత్తి డబ్బు తెస్తుంది. కానీ దాని సాళ్ల మధ్య పెసలు, బొబ్బర్లు మునుపటిలా కనిపించవు. ఒక్క జొన్న పోతే దాంతోపాటు నాలుగు కుండలు ఖాళీ అయ్యాయి.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. షుగరు వచ్చినవాళ్లకు డాక్టర్లు అన్నం తగ్గించమంటున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్‌లో, మహబూబ్‌నగర్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతున్నాయి. వాటి ముందు కూచుని చకచకా రొట్టెలు కొడుతున్న ఆడవాళ్లలో చాలామంది చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యతోనే ఇల్లు గడుపుతున్నారు. కార్లు ఆపి కట్టించుకుపోయేవాళ్లు కొందరు, స్కూటర్ మీద వచ్చేవాళ్లు కొందరు. ఒకప్పుడు 'జొన్నరొట్టె తినేటోళ్లు' అని చిన్నచూపు చూసినవారే ఇప్పుడు వరసలో నిలబడుతున్నారు. వింతేమిటంటే, వాటిని పండించిన ఊళ్లలో కూలి కుటుంబానికి రేషన్ బియ్యమే చవక, జొన్నలే ఖరీదు!

ఒంటరి జొన్న వద్దు

జొన్న మంచిదని తెలియగానే మూడుపూటలా అదే తినేవాళ్లూ తయారయ్యారు. అక్కడే ఆగాలి. జొన్నకు ఇంకో చరిత్ర కూడా ఉంది. దాన్ని చెప్పింది హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ.

1950ల చివర్లో ఆ సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇక్కడి పేదల్లో ఒక జబ్బు కనిపించింది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, మతి సరిగా లేకపోవడం. దాని పేరు పెల్లగ్రా. నయాసిన్ అనే బి విటమిన్ కొరతతో వస్తుంది. ప్రపంచంలో ఎక్కువగా మొక్కజొన్న తినేవాళ్లకు వచ్చే ఈ జబ్బు దక్కన్‌లో జొన్న తినేవాళ్లకు వస్తోంది. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం వల్ల నయాసిన్ ఒంటికి సరిగా పట్టడం లేదని డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. దానిమీద తరవాత ఎంతో చర్చ జరిగింది గానీ ఒక సంగతి మాత్రం స్పష్టం. ఆ జబ్బు వచ్చింది జొన్న తిన్నందుకు కాదు... జొన్న తప్ప మరేమీ లేక తిన్నందుకు. కూలీలకు రొట్టె, కారం తప్ప పప్పూ పాలూ అందని రోజులవి.

ఇప్పుడు ఆ కుండల వరస మరోసారి చూడండి. పల్లీల్లో నయాసిన్ పుష్కలం. రొట్టెలోకి పల్లీల కారం పెట్టుకోవడం రుచి కోసమే కాదన్నమాట. జొన్నలో మాంసకృత్తులు పది శాతం దాకా ఉన్నా లైసిన్ తక్కువ. కంది, పెసర, ఉలవల్లో అది దండిగా ఉంటుంది. ఉలవల్లో మాంసకృత్తులే 22 శాతం దాకా ఉంటాయి. పొట్టుతో ఉన్న నువ్వులు వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. గట్కలోకి పప్పుచారు, రొట్టెలోకి పుంటికూర పప్పు, అంబలిలోకి చల్ల... ఏదీ ఒంటరిగా తినేది కాదు. తోడు దొరకని ఇంట్లోనే జబ్బు వచ్చింది.

పది గ్రాముల పులుపు

నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నోరెట్లు వచ్చేది. వంగిన వెన్నులు, వంకరపోయిన కాళ్లు... ఈ జిల్లా బాధ ప్రపంచానికంతా తెలిసింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ కనిపెడితే దానికి 'నల్లగొండ టెక్నిక్' అన్న పేరే స్థిరపడింది. ఊరి పేరు అలా పుస్తకాల్లోకి ఎక్కడం ఎవరికి సంతోషం!

ఇందులో వంటింటి పాత్ర కూడా ఉంది. 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బియ్యం తినేవారినీ జొన్న తినేవారినీ పోల్చి చూశారు. జొన్న తిన్నప్పుడు ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువగా నిలిచిపోతోందని తేలింది. నీళ్లు చెడితే బలవర్ధకమైన తిండీ బెడిసికొడుతుందన్నమాట. అదే సంస్థ 2002లో చింతపండు మీద చేసిన పరిశీలనను ప్రచురించింది. హాస్టల్ పిల్లలు 18 మందికి రోజూ భోజనంతో పది గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు ఇచ్చారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. పది గ్రాములంటే ఎంతో కాదు. ఒక మనిషి తినే పచ్చిపులుసు, పప్పుచారులో ఇంచుమించు పోయేంత.

దీన్ని పట్టుకుని చింతపండే ఫ్లోరోసిస్‌కు మందు అనుకుంటే పొరపాటు. వంగిన ఎముకను ఏ పులుసూ నిలబెట్టదు. ముందు కావాల్సింది మంచినీళ్లు. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్లు పైపుల్లో చాలా ఊళ్లకు చేరాయి. అయినా కొన్ని ఇళ్లలో తాగడానికి ఆ నీళ్లు, వంటకు మాత్రం బోరు నీళ్లు! ఇదే ప్రమాదం. మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పప్పులు నానబెట్టేది, గట్క ఉడికించేది, రొట్టెపిండి కలిపేది కూడా తాగే నీటితోనే కావాలి. నల్లుప్పు వాడకం తగ్గించాలి. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు పొద్దున్నే గ్లాసుడు టీ అలవాటు చేయకపోవడమే నయం.

ఒక కుండ... ఎన్ని వంటలో!

రొట్టె దగ్గర్నుంచే మొదలుపెడదాం. కొత్తవాళ్లకు రొట్టె విరిగిపోవడానికి రెండే కారణాలు. పిండి పాతది కావడం, నీళ్లు చల్లగా ఉండటం. జొన్నపిండికి గోధుమలా సాగే గుణం లేదు. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. మరుగుతున్న ఉడుకునీళ్లు పిండిలో పోసి, గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే అదిమి అదిమి పిసకాలి. పొడిపిండి చల్లి అరచేత్తో గుండ్రంగా కొట్టి పెనం మీద వేశాక, పైన తడిబట్టతో ఒకసారి తుడవాలి. తడి ఆరగానే తిప్పేయాలి. పొంగిందా, చెయ్యి కుదిరినట్టే. నారాయణపేట వైపు కర్ణాటక పద్ధతిలో పల్చగా కొట్టి, కరకరలాడేదాకా ఎండబెట్టి దాచుకుంటారు. పాలమూరు కూలీలు బొంబాయి, పుణె వలస బస్సులెక్కేటప్పుడు మూటల్లో పోయింది ఈ ఎండురొట్టెలూ పల్లీల పొడే. వారం గడిచినా చెడవు.

మిగిలిన మెత్తటి రొట్టెను పారేయొద్దు. వేడి తగ్గకముందే తుంచి, బెల్లం, కాస్త నెయ్యి, నువ్వుల పొడి వేసి పిసికితే మలీద. సద్దుల బతుకమ్మనాడు చెరువు గట్టున పంచుకునే ఆ ముద్దే, మామూలు రోజున బడి నుంచి వచ్చిన పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్ బదులు పెట్టొచ్చు. రాత్రి రొట్టె గట్టిపడితే ముక్కలు చేసి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, నీళ్లు చిలకరించి మూతపెడితే పొద్దుటి ఫలహారం సిద్ధం.

జొన్నలను రవ్వగా పట్టిస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది. గ్లాసు రవ్వకు నాలుగు గ్లాసుల నీళ్లు మరిగించి, ఉండకట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉడికిస్తే గట్క. వేడిగా పప్పుచారుతో ఒకపూట. మిగిలింది మర్నాడు చల్ల పోసి, ఉల్లిగడ్డ నంజుకుని ఇంకోపూట. అదే రవ్వతో కూరగాయలేసి ఉప్మా చేసినా బాగుంటుంది. కాకపోతే ముందు అరగంట నానాలి. లేకపోతే పిల్లలు పళ్లకింద పలుకులంటారు. ఇక దోసెలకు మూడు గ్లాసుల జొన్నలు, ఒక గ్లాసు మినప్పప్పు, చెంచాడు మెంతులు. జొన్నలు మాత్రం రాత్రంతా నానాల్సిందే. అన్నం మానని పిల్లలున్న ఇంట్లో జొన్నను ఇలా దొంగదారిన పెట్టడమే తెలివి.

'అవ్వా, ఇయ్యాల కూరేంది?' అని మనవడు అడిగితే, 'గుడాలున్నయ్ తిను బిడ్డా' అనే సమాధానం ఈ జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో వినిపించి ఉంటుందో! పెసలు, బొబ్బర్లు, శనగలు... ఏవైనా సరే. నానబెట్టి, ఉప్పేసి ఉడికించి, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కరివేపాకు తాలింపు. టిఫిన్ డబ్బాలో పెట్టినా చల్లారితే రుచి తగ్గదు. వాటిలో గడుసుది ఉలవ. ఎంత ఉడికించినా మొండికేస్తుంది. రాత్రి నానబెట్టి, నిండా నీళ్లు పోసి కుక్కర్లో ఏడెనిమిది విజిల్స్ రానివ్వాలి. వంచిన నీళ్లే కట్టు. దానికి చింతపులుసు, ఉల్లిగడ్డ, కారం చేర్చి సన్నటి మంట మీద సగమయ్యేదాకా మరిగిస్తే అన్నంలోకి చారు. గింజలకు తాలింపు పెడితే సాయంత్రానికి గుడాలు. ఒకే కుండలో రెండు వంటలు. ఒకప్పుడు కట్టు మనుషులకు, గింజ ఎడ్లకు దక్కేది. నిజానికి ఎక్కువ బలం ఎడ్లకే పోయింది!

కందులది ఈ నేలతో వేరే బంధం. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొడంగల్‌కు పొరుగునే ఉన్న తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పును దోరగా వేయించి వండితే వాసనే వేరు. వేయించిన పప్పుకు ఎండుమిర్చి, జీలకర్ర, ఎల్లిపాయ, ఉప్పు చేర్చి పొడి కొడితే నెలరోజులు నిలవ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేనప్పుడు వేడన్నంలో ఈ పొడి, నెయ్యి చాలు. ఉడికిన పప్పులో గుప్పెడు ఒరుగులు వేడినీళ్లలో నానబెట్టి కలిపితే... అది పప్పా, కూరా అని అడగాల్సిన పని లేదు.

పచ్చిపులుసుకు నల్లగొండ చిట్కా ఒకటుంది. చింతపండు రసం మరీ పల్చన కాకుండా తీసి, ఉల్లిగడ్డ ముక్కలను ఉప్పుతో చేత్తోనే నలపాలి. కాల్చిన మిర్చి, జీలకర్ర, కొత్తిమీర వేసి, చివర్లో రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి. ఆ పొడితో పులుసు చిక్కబడుతుంది, పులుపు మెత్తబడుతుంది. చిటికెడు బెల్లం వేసేవాళ్లున్నారు, వేస్తే ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఆ తగాదా ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. గడ్డపులుపు అంటే కడుపులో మంట వచ్చేవాళ్లు మాత్రం రాత్రిపూట తగ్గించుకోవాలి.

ఇన్ని డబ్బాలు ఒక్కసారే నింపాలంటే నెల జీతం మీద భారమే. ఒక నెల ఉలవలు, నువ్వులు. ఇంకో నెల జొన్నలు, పెసలు. కొనేటప్పుడు గింజను పంటికింద కొరికి చూడాలి. టప్పున విరిగితే ఎండినట్టు, నొక్కుకుపోతే చెమ్మ ఉన్నట్టు. ఇంటికి తెచ్చాక రెండురోజులు గట్టి ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడిమీద మూతపెడితే లోపల చెమర్చి, నెల తిరక్కుండానే పురుగు పడుతుంది. వేపాకు వేసేటట్టయితే నీడన ఎండినదే వేయాలి, పచ్చిది వేయకూడదు.